ఇంటి వెనక పాత స్విమ్మింగ్ పూల్ పూడ్పించాలి: అడుగు పగలగొట్టాలా, అట్లే మట్టి పోయాలా?

పెరటిమల్లె, కడప
2024 జనవరి 21

అందరికీ నమస్కారం. పని మొదలుపెట్టే ముందు అనుభవం ఉన్నవాళ్ళ మాట విందామని రాస్తున్నాను.

మా నాయన కువైట్‌లో 19 ఏళ్ళు పనిచేసి వచ్చి 2003లో ఈ ఇల్లు కట్టించినాడు. పిల్లలకు ఈత రావాలని ఇంటి వెనక పూల్ కూడా కట్టించినాడు. 28 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. ఒక కొస మూడున్నర అడుగుల లోతు, ఇంకో కొస 6 అడుగులు. నేనూ తమ్ముడూ ఈత నేర్చుకున్నది అందులోనే. నాయన పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. గోడకు నిలువునా పగుళ్ళు వచ్చినాయి, టైల్స్ ఊడిపోతున్నాయి. వానాకాలం నీళ్ళు అడుగున పచ్చగా నిలిచి ఉన్నాయి, సాయంత్రమైతే దోమలతో వెనక తలుపు తీయలేం.

సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు మా నాలుగేళ్ళ పాప కప్పలను చూడాలని గట్టు మీద వంగింది. అమ్మ వెనకనుంచి గౌను పట్టుకుని లాగింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి అమ్మకూ నాకూ నిద్ర లేదు. పూడ్పించేద్దామని తెల్లవారేసరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చినాం.

ఇద్దరు మేస్త్రీలను పిలిపించినాను. ఒకాయన "కూల్చిన ఇళ్ళ రద్దు తోలించి, పైన మట్టి పోస్తే మూడు దినాల్లో అయిపోతుంది" అన్నాడు. ఇంకొకాయన మొత్తం కాంక్రీటు పెకలించి బయటికి తోలాల్సిందే అంటాడు. ఇద్దరి లెక్కకూ పొంతనే లేదు. మాది పైన అడుగున్నర తోలిన మట్టి, కింద నల్లరేగడి. గేటు 7 అడుగులు, ట్రాక్టర్ దూరుతుంది, జేసీబీ పట్టదు. ఆ జాగాలో గది కట్టే ఆలోచన లేదు. అమ్మకు కావాల్సింది మల్లెపందిరి, ఒక నిమ్మచెట్టు, పొద్దున్నే కళ్ళాపి చల్లుకునే నేల. చుట్టూ పరిచిన కడప బండలు నాయన దగ్గరుండి ఏరుకొచ్చినవి, అవి పగలకుండా తీయాలి.

ఏది సరైన పద్ధతో చెప్పండి.

వంకపక్క ఇల్లు, కడప
2024 జనవరి 21

అక్కా, మూడు దినాల మేస్త్రి మాట మాత్రం వినొద్దు. నేను విని చెడిపోయినాను కాబట్టి చెప్తాండా.

మాది బుగ్గవంకకు దగ్గర. 2017లో మా పూల్‌లో రద్దు పోయించినాం. ఇటుకలు, పాత సిమెంటు పెచ్చులు, చెక్కముక్కలు, ప్లాస్టిక్ సంచులు, వచ్చిందంతా అందులోకే. అడుగున ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. పైన రెండడుగుల మట్టి, దాని మీద గడ్డి. చూసేదానికి శానా బాగుండె. రెండేళ్ళకు నడిమధ్య పళ్ళెంలాగా కుంగింది. మట్టి పోసినాం. మళ్ళీ కుంగింది.

2020 నవంబర్‌లో నివర్ తుఫాను వానలు పడినాయి గదా, బుగ్గవంక పొంగి టౌన్‌లోకి వచ్చింది. మా వీధిలో నీళ్ళు రెండు దినాల్లో తీసినాయి. పెరడు మాత్రం సంక్రాంతి దాకా ఆరలేదు. కాలు పెడితే చీలమండ దాకా దిగుతుండె. కింద కాంక్రీటు తొట్టి నీళ్ళను అట్లే పట్టి పెట్టుకుంది. మా నాయనమ్మ నాటిన కరివేపాకు చెట్టు వేరు కుళ్ళి చచ్చిపోయింది. తవ్వి చూస్తే మట్టి మురుగుకాలువ వాసన కొట్టింది. చెక్క కుళ్ళిన చోటల్లా బొరియలే.

2022లో మళ్ళీ అంతా తోడించి మొదటినుంచి చేయించినాం. రెండుసార్లు ఖర్చు.

ఎర్రమట్టి, అనంతపురం
2024 జనవరి 22

మేము 2019లో మా అత్తగారింటి పూల్ పూడ్పించినాం. మీదానికంటే కొంచెం చిన్నది. మొత్తం పెకలించలేదు. అడుగున 10, 12 చోట్ల బొక్కలు కొట్టించి, గోడలు పైనుంచి రెండడుగులు పగలగొట్టించి, ఆ ముక్కలు అడుగునే సర్ది, పైన గరుసు మట్టి వరసలు వరసలుగా పోసి దిమ్మిసతో (మట్టిని అణగగొట్టే బరువైన దుడ్డు) కొట్టించినాం. ఇప్పటిదాకా ఒక అంగుళం కూడా దిగలేదు.

అయితే మాది ఎర్ర గరప నేల. బొక్కలో బిందెడు నీళ్ళు పోస్తే బిందె కింద పెట్టేలోపల ఇంకిపోయినాయి. మా జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు. మీ రేగడి సంగతి వేరు. మా లెక్క మీకు ఉన్నదున్నట్టు పనికి రాదేమో.

హంద్రీ ఒడ్డు, కర్నూలు
2024 జనవరి 22

రిటైర్డ్ ఇంజనీరును. 32 ఏళ్ళు కట్టడాల పనే చేశాను. అమ్మా పెరటిమల్లె, మీరు అడిగిన దానికి ముందు ఇంకో సంగతి చెప్పాలి. లోపలి నీళ్ళు ఇప్పుడే తోడించవద్దు. పని మొదలయ్యే వారం తోడించండి, అదీ ఫిబ్రవరి తరవాత. మనకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక వాన, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకో వాన. భూమిలో తేమ ఇంకా ఉంది.

ఖాళీ తొట్టి భూమిలో పాతిపెట్టిన పడవ లాంటిది. మీ కొలతలతో లెక్క వేసి చూశాను. అడుగున కాంక్రీటు మందం 6 అంగుళాలు, గోడ మందం 8 అంగుళాలు అనుకుంటే కాంక్రీటు 460 ఘనపుటడుగులు, అంటే 13 ఘనపు మీటర్లు, బరువు సుమారు 31 టన్నులు. తొట్టి చుట్టూ నీళ్ళు పైదాకా వస్తే కిందనుంచి పైకి నెట్టే బలం సుమారు 67 టన్నులు. పైదాకా రానక్కర్లేదు, తొట్టి సగటు అడుగు మట్టం నుంచి సుమారు రెండున్నర అడుగులు వస్తేనే బరువు సరిసమానం అవుతుంది. మట్టి పట్టు కొంత ఆపుతుంది గానీ దాన్ని నమ్ముకోకూడదు. 2009 అక్టోబర్ వరదల్లో మా వీధిలో అప్పుడే కట్టి ఖాళీగా ఉంచిన సంపు ఒకటి పక్కకు ఒరిగి మూరెడు పైకి లేచింది. కళ్ళారా చూశాను. నిండుగా ఉన్న సంపులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక మీ ప్రశ్న. గది కట్టాలంటే మొత్తం తీయాల్సిందే. పునాది సొంత నేల మీదే కూర్చోవాలి. మీకు గది వద్దు కాబట్టి అనంతపురం ఆవిడ చెప్పిన పద్ధతే చాలు. 31 టన్నుల కాంక్రీటును 7 అడుగుల గేటులోంచి గంపలతో మోయించడం వృథా శ్రమ. కానీ రేగడిలో బొక్కలు కొట్టినంత మాత్రాన నీళ్ళు పోవు. ఆమె అనుమానపడింది సరిగ్గా అక్కడే. అడుగున ఒక బొక్క కొట్టి, బకెట్ నీళ్ళు పోసి, మరుసటి పొద్దున ఎంత మిగిలాయో చూసి ఇక్కడ రాయండి. మిగతాది దాన్నిబట్టి చెప్తాను.

వాననీరు, ప్రొద్దుటూరు
2024 జనవరి 23

నాకు మనసొప్పక రాస్తున్నా. కరువు సీమలో 52 వేల లీటర్లు పట్టే తొట్టిని పూడ్చడమెందుకు? కడపలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. 1200 చదరపు అడుగుల మిద్దె ఉంటే, పోయింది పోగా 60 వేల లీటర్లు దిగుతాయి. ఏడాదికి మీ పూల్ ఒక్కసారి నిండి కొంచెం పొర్లుతుంది. పగుళ్ళు పూడ్పించి, పైన స్లాబు వేసి, మనిషి దిగే మూత పెట్టి సంపు చేసుకోవచ్చు గదా. ఆలోచించండి.

పెరటిమల్లె, కడప
2024 జనవరి 23

వాననీరు అన్నా, మీ మాట తీసిపారేసేది కాదు. నేనూ తమ్ముడూ దీని మీద చాలా మాట్లాడుకున్నాం. కానీ పగుళ్ళు మూడుసార్లు పూడ్పించినాం, మూడుసార్లూ విచ్చుకున్నాయి. వేసవిలో రేగడి నెర్రెలిచ్చినప్పుడు గోడకూ మట్టికీ మధ్య నా చెయ్యి మణికట్టు దాకా దూరుతుంది. వాన పడగానే మట్టి ఉబ్బి గోడను నెడుతుంది. ఏటా ఇదే. 14 అడుగుల వెడల్పుకు స్లాబు వేయాలంటే దూలాలు కావాలి, ఆ బరువును ఆ గోడల మీద పెట్టాలంటే భయం. అమ్మ ఒక్కతే ఉంటుంది. మూత తెరిచి ఉందేమోనని నేను బెంగళూరులో కూర్చుని దినమూ ఫోన్ చేయలేను.

మిద్దె మీది వాన మాత్రం వదలను. దానికి వేరేగా ఇంకుడు గుంత తీయిస్తాను. ఎక్కడ తీయాలో చెప్పండి.

వాననీరు, ప్రొద్దుటూరు
2024 జనవరి 23

పాప సంగతి ముందే చదివి కూడా అట్ల రాసినందుకు ఏమనుకోవద్దు అక్కా. మీరు చెప్పింది న్యాయమే.

ఇంకుడు గుంత పూడ్చిన జాగాకు కనీసం 10, 12 అడుగుల ఎడంగా, ఇంటి పునాదికి కూడా దూరంగా ఉండాలి. పూడ్చిన మట్టిలోకి నీళ్ళు మళ్ళితే మళ్ళీ కుంగుతుంది. మీ పూల్ ఫిల్టర్ ట్యాంకులో ఇసుక ఉంటుంది, పారేయొద్దు. కడిగి గుంతలో కంకర మీద పై వరసగా పరచండి, మిద్దె మీది దుమ్ము కిందికి పోకుండా పట్టుకుంటుంది.

కరెంటు పని, నంద్యాల
2024 జనవరి 25

మట్టి సంగతే అందరూ చెప్తున్నారు, కరెంటు సంగతి నేను చెప్తాను.

పూల్‌లో నీటి లోపల లైట్లున్నాయా? కొన్ని 12 వోల్టులవి, ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తాయి. పాతవాటిలో నేరుగా 230 ఇచ్చినవి కూడా చూసినాను. స్విచ్ ఆపితే చాలదు. డీబీలో (ఇంటి లైన్లన్నీ విడిపోయే కరెంటు బోర్డులో) ఆ లైను విప్పించి, వైరు మొత్తం పైపులోంచి లాగేయండి. లాగలేకపోతే రెండు కొసలూ విప్పి, టెస్టర్‌తో చూసి, మూసేయండి. పంపు గది లైను కూడా అంతే. పదేళ్ళ తరవాత నిమ్మచెట్టుకు గుంత తీసేవాడి గడ్డపారకు ఆ వైరు తగలకూడదు.

ఇంకోటి. పంపు గదిలో క్లోరిన్ డబ్బా, టైల్స్ కడిగే యాసిడ్ మిగిలి ఉంటే పూల్‌లో వేసి పూడ్చొద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, గుంతలో ఉన్న మనిషి ఊపిరి అందక పడిపోతాడు. విడివిడిగా, మూతలు బిగించి, వేరే వేరే చోట పెట్టి, పూల్ నడిపేవాళ్ళకు ఎవరికైనా ఇచ్చేయండి.

బేల్దారి బిడ్డ, మైదుకూరు
2024 జనవరి 27

మా నాయన బేల్దారి, నేనూ అదే పని. బండల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తాండా.

కడప బండ పొరలు పొరలుగా ఉండే రాయి. సమ్మెటతో కొడితే బండంతా చీలిపోతాది. సందుల్లో సిమెంటును ముందు సన్న ఉలితో గీకేయాల. తరువాత బండ కిందికి రెండు గడ్డపారలు ఒకే వైపునుంచి పెట్టి, ఇద్దరు ఒకేసారి మెల్లగా లేపాల. ఒక మూల లేపినారంటే ఆ మూల విరిగి చేతికొస్తాది. తీసినవాటిని పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, గోడకు నిలువుగా ఆనించండి. కింద పాత గోనెసంచి వేయండి. ముందురోజు నీళ్ళు పోసి నానబెడితే కింద సున్నం ఇసుక మెత్తబడతాది.

మట్టి లెక్క గురించి. మీ తొట్టి 1860 ఘనపుటడుగులు. 100 ఘనపుటడుగులు ఒక యూనిట్. దిమ్మిస కొడితే మట్టి అణుగుతాది కాబట్టి పావు వంతు ఎక్కువే పట్టాల. గోడల రద్దు ఒకటిన్నర యూనిట్ లోపలే సర్దుకుంటాది. ట్రాలీకి ఒక యూనిట్ లెక్కన మొత్తం 21, 22 ట్రిప్పులు. ట్రాలీ లోపల పొడవు, వెడల్పు, ఎత్తు మీరే టేపు పెట్టి కొలవండి. అన్ని ట్రాలీలూ 100 అడుగులు ఉండవు. గరుసు తోలేవాళ్ళ దగ్గర గనుల శాఖ పర్మిట్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే దారిలో బండి పట్టుకుంటే మీ పని నిలిచిపోతాది.

దగ్గరుండి చూడాల్సింది ఒకటే. వరస 8 అంగుళాలకు మించకూడదు. కొట్టినాక అది 6 అంగుళాలకు రావాల. పైనుంచి ట్రాలీలు గుమ్మరించి, అంతా నిండినాక పైన రోలర్ తిప్పినాం అంటారు. అట్ల చేస్తే పైన ఒక అడుగే గట్టిపడతాది, కింద అంతా గుల్లే. గోడ మీద 6 అంగుళాలకు ఒకటి సుద్దతో గీతలు గీసి పెట్టండి, పనివాళ్ళకూ సులువు, మీకూ తెలుస్తాది.

తడి ఎంత ఉండాలంటారా? మట్టి పిడికిట పట్టి పిసకండి. ముద్ద కట్టాల. ఆ ముద్దను రెండు వేళ్ళతో నొక్కితే రెండు మూడు ముక్కలుగా విరగాల. పొడి అయితే తడి చాలదు. అరచేతికి బురద అంటితే ఎక్కువైంది, ఒక పూట ఆరనీయండి.

పాదులూ పందిళ్ళూ, అనంతపురం
2024 జనవరి 28

మల్లెపందిరి అనగానే ఆగలేకపోయాను. పెరటి తోట నా ప్రాణం.

పై అడుగున్నరలో రద్దు ముక్క ఒక్కటి కూడా ఉండకుండా చూసుకోండి. సిమెంటు పొడి కలిస్తే మట్టికి సున్నపు గుణం ఎక్కువవుతుంది. నిమ్మ, చీనీ (బత్తాయి) మొక్కలకు అది అస్సలు పడదు. లేత ఆకు పసుపుపచ్చగా అయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. ఎరువు ఎంత వేసినా ఆకు తేరుకోదు.

ఇప్పుడు మీ దగ్గరున్న పైమట్టిని గట్టు చుట్టూ ముందే తవ్వి పక్కన పోగు పెట్టించండి. చాలకపోతే చెరువు మట్టి తెప్పించుకోండి. అందులో చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి. నిమ్మచెట్టును పూల్ జాగాలో కాకుండా దాని బయట సొంత నేలలో నాటండి, కింద కాంక్రీటు అడుగున్న చోట పెద్ద చెట్టు వేరు లోతుకు పోలేదు. మల్లెకు అడుగున్నర చాలు.

మొదటి వానకు అక్కడ ఏమీ నాటకండి. జీలుగ చల్లండి. ఉప్పునూ, నిలిచిన తడినీ తట్టుకునే మొక్క అది. 45 రోజులకు పూత రాకముందే కోసి మట్టిలో కలిపేయండి. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గరే, మట్టి పరీక్ష గురించి అక్కడ అడగండి.

పెరటిమల్లె, కడప
2024 మార్చి 3

ఆలస్యానికి మన్నించండి. 15 దినాలు సెలవు పెట్టి వచ్చినాను. పని మొదలైంది.

లైట్ల వైర్లు తీయించినాం. రెండు లైట్లలో ఒకటి నేరుగా 230 మీదే ఉంది! నంద్యాల అన్నకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఇన్నేళ్ళు ఆ నీళ్ళలోనే మేము ఈదినాం.

కడప బండలు 64లో 59 పగలకుండా వచ్చినాయి. మేస్త్రి మొదట సమ్మెట తీసినాడు. బేల్దారి బిడ్డ రాసింది చదివి వినిపిస్తే ఆయన నవ్వి, "ఎవరో పనోడే రాసినాడు" అని ఉలి తీసుకున్నాడు.

ఇంజనీరు సార్ చెప్పినట్టు లోతు కొసలో బ్రేకర్ మిషన్‌తో బొక్క కొట్టినాం. ముందు నీలం టైలు, దాని కింద బూడిదరంగు కాంక్రీటు, ఆ తరువాత కమ్మి, ఆ కింద నల్లటి జిగురు మట్టి. బ్రేకర్ మొనకు తారులాగా అంటుకుని వచ్చింది. సాయంత్రం 6 గంటలకు బకెట్ నీళ్ళు పోసినాను. పొద్దున చూస్తే జానెడు కూడా దిగలేదు. పైన ఆకు ఒకటి తేలుతూ ఉంది. ఇప్పుడేం చేయాలి సార్?

హంద్రీ ఒడ్డు, కర్నూలు
2024 మార్చి 3

నేను అనుకున్నదే. ఇట్లే బొక్కలు కొట్టి పూడిస్తే బుగ్గవంక పక్క అబ్బాయికి జరిగిందే మీకూ జరుగుతుంది. తొట్టి కాంక్రీటుదైనా, రేగడిదైనా నీళ్ళకు తేడా ఏముంది?

రేగడి పొర ఎంత మందం ఉందో చూడాలి. లోతు కొసలోనే 3 అడుగుల చదరం కాంక్రీటు కోయించి కిందికి తవ్వించండి. రేగడి కింద సాధారణంగా సున్నపుగడ్డల పొరో, గరుసో తగులుతుంది. అది తగిలితే నీళ్ళకు దారి దొరికినట్టే. తవ్వేటప్పుడు ఒక్క మనిషే దిగాలి, నడుముకు తాడు, పైన ఇద్దరు. తీసిన మట్టి గట్టు అంచున పోయకూడదు. రేగడి ఎండి నెర్రెలు ఉన్నప్పుడు పెళ్ళగా ఊడి మీద పడుతుంది. మధ్యాహ్నం ఆపి సాయంత్రం మళ్ళీ దిగేముందు పక్కలు ఒకసారి చూడండి.

ఆ గుంత నిండా పెద్ద రాళ్ళు, పైన కంకర, మట్టి దిగకుండా, నీళ్ళు మాత్రం పోయేట్టు జియోటెక్స్‌టైల్ గుడ్డ. ఆ గుంతలోంచి 4 అంగుళాల పీవీసీ పైపు ఒకటి నిలువుగా పైదాకా పెట్టండి, కింది 3 అడుగులకు చుట్టూ రంధ్రాలు. పైన మూత. వానాకాలంలో తాడుకు రాయి కట్టి దింపితే లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. నిలిచిపోతే అదే పైపులోంచి చిన్న మోటారుతో తోడేయవచ్చు. నేను చెప్పే అన్నిటిలోకీ ఈ పైపును మాత్రం మానొద్దు.

మిగతా అడుగులో కూడా 3 అడుగులకు ఒకటి బొక్కలు కొట్టించండి. నేల వాలు లోతు కొస వైపే ఉంది కాబట్టి అడుగంతా కంకర వరస పరిస్తే అందులోంచి నీళ్ళు ఆ గుంతకే చేరతాయి.

పెరటిమల్లె, కడప
2024 మార్చి 7

మూడున్నర అడుగులు తవ్వినాక గడ్డపార చప్పుడు మారింది. అంతవరకూ మెత్తగా దిగబడేది, ఒక్కసారిగా కరకరమంది. తెల్లటి సున్నపుగడ్డలు కలిసిన పసుపుపచ్చ గరుసు. రెండు బకెట్లు పోసినాం. టీ తాగి వచ్చేసరికి అడుగున తడి మరకే మిగిలింది. అమ్మ గట్టు మీదనుంచి చూసి "మీ నాయన బోరు వేయించినప్పుడు కూడా ఇదే రంగు మట్టి వచ్చింది" అంది.

వంకపక్క ఇల్లు, కడప
2024 మార్చి 7

ఇది చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను అక్కా. మాకు 2017లో ఈ మాట చెప్పేవాళ్ళు ఒక్కరున్నా ఆ చెట్టు బతికేది.

మేము రెండోసారి చేసినప్పుడు గోడలను రెండడుగులు కాదు, మూడడుగులు కొట్టించినాం. మట్టి నెర్రెలిచ్చినప్పుడు పాత గోడ అంచు పైకి గీతలాగా కనపడకుండా ఉంటాది. వీలైతే మీరూ అట్లే చేయండి.

పెరటిమల్లె, కడప
2024 మార్చి 16

పూడ్చడం అయిపోయింది. మొత్తం 23 ట్రాలీలు గరుసు, 7 ట్రాలీలు పైమట్టి, చెరువు మట్టి కలిపి. ఖర్చులో సగం పైన మట్టికీ దాన్ని తోలినందుకే అయింది. గోడలు మూడడుగులు కొట్టించినాం. ఇనుప కమ్ములు కోసి పాత ఇనుము కొనే ఆయనకు ఇచ్చినాం. లోపల పట్టని టైల్స్ ముక్కలు ఒక ట్రాలీ అయినాయి. డ్రైవరు వంక గట్టున పోసి వస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. కూల్చిన రద్దును కాలువల్లో, రోడ్ల పక్కన పోయకూడదని 2016 నుంచే నిబంధనలున్నాయి. నిబంధన లేకపోయినా, 2020లో ఆ వంక ఏం చేసిందో చూసినవాళ్ళం. కార్పొరేషన్ వాళ్ళను అడిగి వాళ్ళు చూపిన చోటికి తోలించినాం.

ర్యామర్ మిషన్ నాలుగు దినాలు బాడుగకు తెచ్చినాం. గోడ మూలల్లోకి అది పోలేదు, అక్కడ పాతకాలం దిమ్మిసతోనే కొట్టినారు. సుద్దగీతలు ఒక్కొక్కటే మట్టిలో మునిగిపోతుంటే అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టింది. ఆరో గీత దగ్గర పనివాళ్ళు రెండు వరసలు ఒకేసారి పోసేసినారు. అమ్మ లేచి సగం తీయించి మళ్ళీ కొట్టించింది.

చివరి గీత మునిగినాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాయన నా పొట్ట కింద చెయ్యి పెట్టి "కాళ్ళు ఆడించు" అన్న చోటు అది. ఏడుపు వచ్చింది. కానీ మరుసటి పొద్దున పాప ఆ మట్టి మీద ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెత్తుతుంటే అమ్మ ఇంట్లో దోసెలు పోస్తూ ఉండింది, బయటికి తొంగి చూడలేదు.

కొత్త ఇల్లు, ఆదోని
2024 మార్చి 20

మాదీ ఇట్లాంటి పూలే, కొన్న ఇంట్లో ఉంది. రేగడే. పూడ్చినాక రెండేళ్ళకు దాని మీద ఒక చిన్న గది, రేకులదైనా, వేసుకోవచ్చా?

హంద్రీ ఒడ్డు, కర్నూలు
2024 మార్చి 20

మీరు గది అనుకుంటే ఇప్పుడే మొత్తం కాంక్రీటు తీయించండి బాబూ. సగం ఉంచి పూడ్చిన చోట, ఎంత దిమ్మిస కొట్టినా, గది సగం పాత గోడ మీద, సగం పోసిన మట్టి మీద కూర్చుంటుంది. ఒకవైపు దిగి ఒకవైపు దిగదు. గోడ పగిలేది అక్కడే. బండి నిలిపే షెడ్డుకైనా స్తంభాలను పూల్ బయట సొంత నేలలో దించండి. ఇల్లు అమ్మే రోజు వస్తే కొనేవాళ్ళకు కింద ఏముందో చెప్పండి. ఒక కాగితం మీద కొలతలతో బొమ్మ గీసి, ఫోటోలతో సహా ఇంటి పత్రాల్లో పెట్టండి.

పెరటిమల్లె, కడప
2024 నవంబర్ 10

దీపావళికి ఊరికి వచ్చినాను, మీ అందరికీ చెప్పాలని రాస్తున్నాను.

జూన్ చివర జీలుగ చల్లినాం, నడుమెత్తు పెరిగింది. ఆగస్టులో కోసి కలిపేసినాం. అక్టోబర్‌లో వరసగా వానలు పడినప్పుడు లోతు కొస వైపు రెండు అంగుళాలు దిగింది. తట్టలతో మట్టి పోసి సరిచేసినాం, మళ్ళీ దిగలేదు. పాత గోడ ఉన్న చోట సన్న గీత ఒకటి కనపడింది గానీ చెయ్యి పట్టేంత సందు లేదు. నేలను గోడ వైపునుంచి బయటికి వాలుగా తీర్చినాం కాబట్టి నీళ్ళు నిలవలేదు. మిద్దె నీళ్ళు కాంపౌండ్ మూలలో ఇంకుడు గుంతకు పోతున్నాయి, పైన పాత ఫిల్టర్ ఇసుకే.

కడప బండలతో వెనక తలుపునుంచి మల్లెపందిరి దాకా నడకబాట వేయించినాం. మిగిలినవి తులసికోట చుట్టూ పరిచినాం. నిమ్మ పూల్ బయటే నాటినాం, ఆకు పచ్చగానే ఉంది.

పైపు మూత అమ్మ చేతిలోనే ఉంటుంది. వాన పడిన ప్రతి పొద్దున పాత జాకెట్టు గుడ్డ చింపి పేనిన తాడుకు రాయి కట్టి దింపుతుంది. తాడు తడిసిన దాకా ముడి వేసి, జానలతో కొలిచి, క్యాలెండర్ మీద రాస్తుంది. అక్టోబర్ 16: నాలుగు జానలు. 17: మూడు. 18: ఒకటిన్నర. 20వ తేదీ గడిలో "రాయి ఒక్కటే తడి" అని ఉంది.